చేప వయసును రోజుల్లో లెక్కించకండి: తనిఖీ అధికారులకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేపల బజార్లను తనిఖీ చేసే అధికారులకు, ఈ తీరానికి ఐసు, పెట్టెలు, పథకాలు మంజూరు చేసే అధికారులకు,

నమస్కారం.

నేను కళింగపట్నానికి దగ్గర్లోని ఒక మత్స్యకార పల్లెలో పుట్టాను. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ లేఖలోని విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రశీదులు వచ్చాయి. మూడోదానికి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అడుగుదామని వెళితే, ఆ సందేశం పంపినవారు బదిలీ అయ్యారని చెప్పారు. అది ఏ కార్యాలయమో, ఏ ఊరి బజారో ఇక్కడ రాయడం లేదు. ఒక ఉద్యోగిని నిలదీయడం నా ఉద్దేశం కాదు. అందరూ అడుగుతున్న ప్రశ్నే తప్పని చెప్పడానికి రాస్తున్నాను.

వేట నిషేధం ముగిసిన రెండో వారంలో జరిగింది ఇది. మా చెల్లెలు తెల్లవారకముందే విశాఖపట్నం హార్బరులో కోనెం, పార చేపలు కలిపి పద్దెనిమిది కిలోలు వేలం పాటలో తీసుకుంది. పెద్ద బోటు సరుకు, పట్టిన వెంటనే బోటులోనే ఐసులో వేసినది. థర్మోకోల్ పెట్టెలో కిందా పైనా పొడి కొట్టిన ఐసు పోయించుకుని మా వైపు పట్టణానికి తెచ్చి బజారులో కూర్చుంది. పదకొండున్నరకు తనిఖీ సిబ్బంది వచ్చారు. ‘ఎప్పటి చేప?’ అని అడిగారు. ‘మొన్నటిది బాబూ, ఐసులోంచి తీయలేదు’ అని ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మొప్ప ఎత్తి చూసినవారు లేరు, వాసన చూసినవారు లేరు. పెట్టెను కాలువలో బోర్లించి పైన ఫినాయిల్ పోశారు. పక్కనే కూర్చున్న ఆవిడ గంపలో కానగడతలున్నాయి. ఆ తెల్లవారుజామున ఐదింటికి వల నుంచి తీసినవి, ఐసు ముక్క కూడా చూడనివి. ‘ఈ పొద్దుటి వేట’ అంది. ‘ఇలా ఉండాలి సరుకు’ అని మెచ్చుకుని వెళ్లారు.

మా చెల్లెలు పోగొట్టుకున్నది తొమ్మిది వేల పైచిలుకు సరుకు. అందులో ఆరు వేలు వడ్డీకి తెచ్చినవి. ఒక చీటీ ముక్క కూడా ఆమె చేతికి ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ రెండు గంపల లెక్క చూద్దాం. కాస్త ఓపిక పట్టండి, ఎనిమిదో తరగతి గణితానికి మించి ఇందులో ఏమీ లేదు.

చేప కుళ్ళేది ప్రధానంగా బ్యాక్టీరియా వల్ల. బ్యాక్టీరియా వేగం వేడిని బట్టి ఉంటుంది. కరుగుతున్న ఐసులో, అంటే సున్నా డిగ్రీల దగ్గర, చేప ఎంత వేగంగా పాడవుతుందో దాన్ని ‘ఒకటి’ అనుకుందాం. మిగతా వేడిమిలో అది ఎన్ని రెట్లవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియాలో ఓలీ, రాట్కోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు పని చేశారు. ఆ పని నుంచి వచ్చిన సూత్రం చాలా చిన్నది: ఉష్ణోగ్రతలో పదో వంతుకు ఒకటి కలపండి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. పది డిగ్రీలైతే రెండు రెళ్లు నాలుగు. అంటే ఐసులో నాలుగు రోజుల్లో జరిగే పాడు పది డిగ్రీల దగ్గర ఒక్క రోజులో జరుగుతుంది. ముప్పై డిగ్రీలైతే నాలుగు నాలుగులు పదహారు.

ఇది చల్లటి సముద్రాల చేపలను చూసి కట్టిన లెక్క. మనలాంటి వేడి సముద్రాల చేపలకు డెన్మార్క్‌లో డాల్‌గార్డ్ అనే శాస్త్రవేత్త మరో సూత్రం వాడారు. దాని ప్రకారం ఐదు డిగ్రీల దగ్గర వేగం దాదాపు రెండింతలు, పది దగ్గర మూడింతలకు పైన, ఇరవై దగ్గర పదకొండింతలు, ముప్పై దగ్గర ముప్పై ఆరింతలకు పైన. ఈ లెక్కలు చేసి పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాము కూడా అక్కడివాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. చేప ఏ గంటలో ఎంత వేడిలో ఉందో చెబితే, ఇంకా ఎన్ని రోజులు నిలుస్తుందో అది చెబుతుంది.

మా చెల్లెలి చేప రెండు రోజులు ఐసులో ఉంది. ఐసు లెక్కలో దాని వయసు రెండు రోజులు. పక్క గంపలోని ‘ఈ పొద్దుటి’ చేప ఐదు నుంచి పన్నెండు దాకా ఏడు గంటలు ముప్పై డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, మొదటి సూత్రం ప్రకారం దాని వయసు నాలుగు రోజులు దాటి ఐదుకు దగ్గర. రెండో సూత్రం ప్రకారమైతే పది రోజుల పైన. ఏ సూత్రం పట్టుకున్నా, మీరు కాలువలో పోసినదే వయసులో చిన్న చేప, మెచ్చుకున్నదే ముసలి చేప.

ముప్పై అనేది నేను ఊహించిన అంకె కాదు. ఆ సంఘటన తర్వాత ఐదు వందల లోపు ధరకు దొరికే సూది థర్మామీటరు ఒకటి కొన్నాను. రెండు నెలలు పల్లెలో, బజారులో, ఆటోలో, అనుమతి అడిగి చేపల వెన్నుముక దాకా గుచ్చి చూశాను. ఐసు లేని గంప మధ్యలో ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. పైన రెండు గుప్పిళ్ల ఐసు చల్లిన గంపలో పై వరస ఎనిమిది, అడుగు వరస ఇరవై రెండు! అడుగు చేపకు ఐసు ఉందన్న సంగతే తెలియదు. ‘మాస్టారు చేపలకు జ్వరం చూస్తున్నారు’ అని పిల్లలు నవ్వారు. నిజంగా నేను చూసింది జ్వరమే.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. పక్క ఆవిడ గంపను పారబోయాల్సిందని నేను అనడం లేదు. వల నుంచి అప్పుడే వచ్చిన చేప మీద బ్యాక్టీరియా తక్కువ ఉంటుంది, పాడు మొదలవడానికి కొంత సమయం పడుతుంది. సూత్రం ఉజ్జాయింపు లెక్కే చెబుతుంది, ఆ గంప ఇలాగే కుళ్ళిందని తేల్చదు. ఆమె చేసిన తప్పు ఏమీ లేదు. ఐసు కొనడానికి ఆమెకు దగ్గర్లో ఐసు లేదు, అంతే.

మా వాళ్లకు ఈ లెక్క చెప్పడానికి నేను సూత్రం వాడను, వడ్డీ వాడతాను. వడ్డీ సంగతి మా పల్లెలో చంటిపిల్లకు కూడా తెలుసు. చేపకు పట్టిన రోజున పదో, పన్నెండో రోజుల అసలు ఉంటుంది. ఐసులో ఉంటే రోజుకు ఒక రోజే ఖర్చు. వేడిలో ఉంటే వడ్డీ రేటు పెరుగుతుంది. తర్వాత ఐసులో వేస్తే రేటు తగ్గుతుంది గానీ, అప్పటిదాకా కట్టిన వడ్డీ తిరిగి రాదు. ఒక మామూలు కానగడత కథ వేసి చూడండి. ఉదయం నాలుగు గంటలు తెప్ప మీద, ఇసుక మీద ముప్పై డిగ్రీల్లో. ఆపై ఆరు గంటలు అరకొర ఐసుతో పదిహేను డిగ్రీల్లో. రాత్రంతా, అంటే పద్నాలుగు గంటలు, కొన్నవారి ఫ్రిజ్‌లో ఎనిమిది డిగ్రీల్లో. మొత్తం ఒక్క రోజు. ఒక సూత్రం ప్రకారం ఆరు రోజుల ఆయువు ఖర్చయింది, రెండో దాని ప్రకారం తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఆరు రోజులు మొదటి నాలుగు గంటల్లోనే పోయాయి.

అధికారులారా, నా లేఖ అంతటిలో మీరు గుర్తుంచుకోవలసింది ఈ నాలుగు గంటలే. మీ పథకాలు సాధారణంగా మొదలయ్యేది ఆ నాలుగు గంటలు అయిపోయాక, పట్టణంలో.

రోజులు లెక్కపెట్టే ఈ పద్ధతి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఇది.

1. నిజం చెప్పినవారు నష్టపోతున్నారు. ఆ రాత్రి మా చెల్లెలు అన్న మాట: ‘అన్నయ్యా, ఇకమీదట ఎవరు ఎప్పుడు అడిగినా ఇప్పుడే ఒడ్డుకు వచ్చిందంటాను.’ వారం తిరిగేసరికి ఆ బజారులో మొన్నటి చేప, నిన్నటి చేప అన్న మాటలే లేకుండా పోయాయి. అన్నీ ఈ పొద్దుటివే.

2. ఐసు నేరానికి సాక్ష్యమైంది. అమ్మేవారు కొనుగోలుదారు కనిపించగానే చేపను ఐసు నుంచి తీసి పలక మీద ఎండలో పెడుతున్నారు. ఐసులో కనిపిస్తే నిల్వ సరుకని బేరం పోతుంది. ఇందులో నాకూ వాటా ఉంది. జీతం వచ్చే రోజుల్లో నేను కూడా ‘ఐసు చేప కాదు కదా?’ అని అడిగి అడిగి కొన్నవాడినే. భౌతికశాస్త్రం చెప్పే నోటితోనే అడిగాను.

3. జబ్బులు. దీన్ని త్వరగా దాటిపోలేను. కానగడత, కవ్వళ్లు, తూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. అవి వేడిలో ఉన్నప్పుడు కొన్ని బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు, విరేచనాలు. మా ఇళ్లలో దీనికి ‘చేప పడలేదు’ అని పేరు. తిన్నవారి ఒంటి మీదకు నెపం పోతుంది. ఎంత ఉడికించినా, వేయించినా హిస్టమిన్ పోదు. చేప వాసన బాగానే ఉన్నా అది ఉండవచ్చు. కాబట్టి నేను పైన చెప్పిన సూత్రాలు కూడా దీన్ని పట్టుకోలేవు. అవి కుళ్ళు వేగాన్ని చెప్పేవి. ఈ జాతి చేపలకు మొదటి గంటల్లో ఐసు తప్ప వేరే రక్ష లేదు. ‘ఈ పొద్దుటి వేట’ అన్న ముద్ర ఇక్కడ ఏ భరోసా ఇవ్వదు.

4. ధర. ఐసు లేని మనిషికి మధ్యాహ్నం దాకా ఆగే హక్కు లేదు. ఒడ్డున ఐసు పెట్టెతో నిలబడ్డ షావుకారుకు అది తెలుసు, ఆయన తొందరపడడు. తొమ్మిదింటికి అడిగిన ధర పదకొండుకు సగమవుతుంది. మా కుర్రవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా కూలికి వెళ్లడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఇదొక్కటే అనను. కానీ 2018 నవంబరులో అక్కడి బోట్లలో ఉండి పాకిస్తాన్‌కు చిక్కిన మన రెండు జిల్లాల కుర్రవాళ్లు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదని మరిచిపోకండి. ఇక్కడి సముద్రంలో చేప లేక మాత్రమే కాదు వెళ్లింది. పట్టినదానికి విలువ నిలుపుకునే చోటు లేక కూడా వెళ్తున్నారు.

5. ఫార్మలిన్. చేప కుళ్ళకుండా, తాజాగా కనిపించేలా ఫార్మలిన్ అనే రసాయనం వాడారని 2018లో కేరళ, గోవాల్లో లేచిన గొడవ దేశమంతా విన్నది. మన దగ్గర అలా జరుగుతోందని నేను ఆరోపించడం లేదు. చేప వయసును కంటికి కనిపించే మెరుపుతో కొలిచే చోట, మెరుపు అమ్మేవాడు ఒకడు ఎప్పటికైనా వస్తాడు.

ఐసు ఎంత కావాలన్న దానికి కూడా లెక్క ఉంది. వంద కిలోల చేపను ముప్పై డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి చాలేది సిద్ధాంతం ప్రకారం ముప్పై రెండు కిలోల ఐసే. కిలో ఐసు కరిగేటప్పుడు ఎనభై కిలో కేలరీల వేడి పీల్చుకుంటుంది కాబట్టి. కానీ మన ఎండలో పెట్టె గోడల గుండా వచ్చే వేడికే మిగతాది కరిగిపోతుంది. అందుకే చేపకు సమాన బరువు ఐసు వేయమని చెబుతారు. అదీ గడ్డలుగా కాదు, పొడిగా, వరసకు వరసగా, కరిగిన నీరు కిందికి పోయేలా. మా పల్లెలో ఐసు దిమ్మ రంపపు పొట్టులో, గోనెపట్టాలో చుట్టుకుని ఆటోలో వచ్చేసరికి దారిలోనే సగం కరిగిపోతుంది. దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లే తెప్పలు చాలా తక్కువ. ఐసు డబ్బు ముందు పెట్టాలి, చేప పడుతుందో లేదో దేవుడికే తెలుసు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న మోటారు సైకిలుకు 75 వేలు, మూడు చక్రాల బండికి 3 లక్షల యూనిట్ ధర కట్టి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం రాయితీ ఇచ్చారు. మంచి పథకమే. కానీ గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కే యాభై ఏళ్ల ఆడమనిషి మోటారు సైకిలు ఏమి చేసుకుంటుంది? మా పల్లెలో ఆ రాయితీ బండి మీద ఇప్పుడు ఎవరి అల్లుడు తిరుగుతున్నాడో అందరికీ తెలుసు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. తనిఖీకి వచ్చే ప్రతి బృందం చేతిలో సూది థర్మామీటరు ఉండాలి. మొదటి ప్రశ్న ‘ఎప్పటి చేప?’ కాకుండా ‘ఎప్పటి నుంచి ఐసులో ఉంది?’ కావాలి. వెన్నుముక దగ్గర వేడి, మొప్పల రంగు, కళ్లు, వాసన, కండ బిగువు, ఈ ఐదూ కాగితం మీద రాయాలి.

2. రాతపూర్వక నోటీసు లేకుండా ఒక్క చేపను కూడా పారబోయకూడదు. ఇది నేను కొత్తగా అడుగుతున్నది కాదు. పాడైపోయే ఆహారాన్ని నాశనం చేసే ముందు అమ్మేవారికి రాతపూర్వకంగా తెలపాలని 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 38వ సెక్షనే చెబుతోంది. చట్టం పెద్ద హోటలుకు ఒకటి, గంపకు ఒకటి కాదు. తప్పుగా పారబోసిన సరుకుకు పరిహారం ఇచ్చే దారి కూడా చూపాలి.

3. హార్బర్లు వచ్చేదాకా ఐసును ఆపకండి. బుడగట్లపాలెం హార్బరు గురించి ఏళ్లుగా వింటున్నాం. వస్తే సంతోషమే. ఈలోగా భావనపాడు, మంచినీళ్లపేట, కళింగపట్నం, విజయనగరం వైపు చింతపల్లి, ముక్కాం, కోనాడ లాంటి ఒడ్డుల్లో తెల్లవారుజామున మూడింటికల్లా పొడి కొట్టిన ఐసు దొరికేలా చేయండి. తాగే నీటితో చేసిన ఐసు కావాలి, మురికి నీటి ఐసు చేపకు బ్యాక్టీరియాను అంటగడుతుంది. వేటకు వెళ్లేటప్పుడు అరువుకు ఇచ్చి, పాట అయ్యాక డబ్బు తీసుకునే ఏర్పాటు మహిళా సంఘాలకు అప్పగించండి.

4. నెత్తిన మోయగలిగిన, మూత ఉన్న, వేడి చొరని గంపను రాయితీ జాబితాలో చేర్చండి. ఆర్టీసీ బస్సులో దాన్ని ఎక్కనివ్వాలని ఒక మాట కండక్టర్లకు చెప్పండి. ఇప్పుడు దించేస్తున్నారు.

5. మన చేపలకు మన లెక్క కావాలి. రెండు సూత్రాల మధ్య తేడా ఎంతో పైన చూశారు, నాలుగున్నర రోజులకు, పది రోజులకు మధ్య. కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ పరిశోధన కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. ఫార్మలిన్‌ను, అమోనియాను పట్టుకునే పరీక్ష పట్టీలు చేసింది ఆ సంస్థే. మన కవ్వళ్లు, కానగడతలు, సావడాయిలు ఏ వేడిలో ఎన్ని గంటలు నిలుస్తాయో ఒక సీజను పాటు మన ఒడ్డున, మన ఆటోల్లో కొలిచి పెట్టమని వారిని అడగండి. ఆ పట్టికను తెలుగులో ప్రతి బజారు గోడ మీద రాయించండి. హిస్టమిన్ పరీక్ష కూడా అందులో భాగం కావాలి.

6. కొనేవారికి చెప్పండి. ఐసులో ఉన్న చేపే నాణ్యమైనదని, ఫ్రిజ్ ఐసుకు సమానం కాదని, ఐదు డిగ్రీలకే వేగం రెండింతలవుతుందని. నీటి పన్ను కట్టమని ఊరంతా తిరిగే మైకు బండి ఉంది కదా, అది ఒక ఆదివారం చేపల బజారు ముందు ఆగితే చాలు.

ఈసారి వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా, 61 రోజులు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ ఎండ ఉండేదీ, మోటారు తెప్పలు, బోట్లు ఒడ్డున ఖాళీగా ఉండేదీ ఆ రోజుల్లోనే. థర్మామీటర్లు కొనడానికి, ఐసు చోట్లు చూడడానికి, సిబ్బందికి ఒక పూట శిక్షణ ఇవ్వడానికి ఆ సమయం సరిపోతుంది. శిక్షణకు నేను వస్తాను, బస్సు చార్జీ కూడా అడగను. రెండు నెలల ఉష్ణోగ్రతలు రాసిన నోటుపుస్తకం, ఆ సూది థర్మామీటరు వెంట తెస్తాను. జూన్ 15 ఉదయం మొదటి మోటారు తెప్ప ఒడ్డుకు వచ్చేటప్పుడు మీలో ఎవరైనా ఒకరు మా పల్లె ఇసుక మీద నిలబడి, ఆ మొదటి చేపను స్వయంగా గుచ్చి చూడాలని కోరుతున్నాను. మా చెల్లెలు కూడా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
కళింగపట్నం తీరం నుంచి,
ఒక రిటైర్డ్ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు